షెడ్డు గోడకు అంత ఖర్చెందుకు? దక్షిణ తెలంగాణలో ఇటుక, బ్లాకు, రాయి లెక్కలు

క్లుప్తంగా: పొలం దగ్గర కట్టే షెడ్డులో గోడ ఖర్చును ఇటుక ధర ఒక్కటే తేల్చదు. ఎంత గోడ కావాలి, అది ఎంత మందం, కింద ఏ నేల ఉంది, సామాను చివరి కిలోమీటరు ఎలా చేరుతుంది అన్నవే ఎక్కువ తేడా తెస్తాయి. విడిగా చూస్తే ఖరీదనిపించే సిమెంటు బ్లాకు గోడగా లేచేసరికి చవక. ఊరికే దొరికినట్టుండే రాయి గోడ అయ్యేసరికి అన్నిటికన్నా ఎక్కువ సిమెంటు తాగుతుంది. గాలిని తట్టుకునే విషయంలో గోడ మందం కన్నా పిల్లర్ల దూరమే ముఖ్యం.

ఏ చదరపు అడుగు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు షెడ్డు కట్టించే రైతుకు ముందుగా ఎదురయ్యే చిక్కు ధరలో ఉండదు, కొలతలో ఉంటుంది. షెడ్డు మొత్తం గుత్తకు తీసుకునే కాంట్రాక్టరు "అడుగుకు ఇంత" అంటే అది నేల వైశాల్యం. సుతారి మేస్త్రీ "అడుగుకు ఇంత" అంటే అది గోడ వైశాల్యం. రెండూ చదరపు అడుగులే కాబట్టి ఇద్దరు చెప్పిన అంకెలు పక్కపక్కన పెట్టి, ఒకరు మోసం చేస్తున్నారని అనుకోవడం మామూలైపోయింది.

60 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న షెడ్డునే తీసుకుందాం. నేల 1,200 చదరపు అడుగులు. చుట్టుకొలత 160 అడుగులు. నాలుగు వైపులా 10 అడుగుల ఎత్తు గోడ లేపితే, దర్వాజలు, కిటికీలు తీసేయకముందు 1,600 చదరపు అడుగుల గోడ అవుతుంది. అంటే గోడకు అడుగుకు 100 రూపాయలు అయితే, నేల లెక్కన చూసినప్పుడు అదే ఖర్చు అడుగుకు 133 రూపాయలుగా కనిపిస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

షెడ్డు ఆకారం కూడా ఇక్కడే పని చేస్తుంది. అదే 1,200 అడుగుల నేలను 40 × 30గా కడితే చుట్టుకొలత 140 అడుగులకు దిగుతుంది, 120 × 10గా కడితే 260కి ఎగబాకుతుంది. సన్నగా పొడుగ్గా ఉన్న షెడ్డుకు గోడ ఎక్కువ పడుతుంది. అలాగని వెడల్పు పెంచుకుంటూ పోతే పైకప్పును మోసే ఇనుప చట్రాలకు (ట్రస్సులకు) ఇనుము పెరుగుతుంది. అందుకే 20 నుంచి 30 అడుగుల వెడల్పు దగ్గరే చాలా షెడ్లు ఆగుతాయి.

గోడ అసలు ఎంత కావాలి?

చాలా అంచనాలు తప్పేది ఇక్కడే. ఇల్లు కట్టినట్టే షెడ్డు కట్టాలన్న అలవాటు వల్ల నాలుగు వైపులా నిండు గోడ లెక్కలోకి వచ్చేస్తుంది. నిజానికి నిండు గోడ అవసరమయ్యేది ఎరువులు, విత్తనాలు, మోటార్లు, పనిముట్లు పెట్టుకునే గదికి, ధాన్యమో పత్తో నిల్వ చేసే చోటికి. పశువులకు, కోళ్లకు అలా కాదు.

పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ ఎండలకు పశువుల కొట్టంలో గాలి ఆడకపోతే పాల దిగుబడి పడిపోతుంది. పొడవాటి రెండు వైపులా మూడు నాలుగు అడుగుల గోడ పెట్టి, పైన తెరిచి ఉంచితే సరిపోతుంది. షెడ్డు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉంటే ఎండ ఎక్కువగా తగిలేది రెండు చివరలకే. కాబట్టి ఆ రెండు గోడలు మాత్రం నిండుగా లేపుతారు. పై కొలతల షెడ్డులో రెండు పొడుగు వైపులా 4 అడుగుల చొప్పున 480, రెండు చివరలా 400, మొత్తం 880 చదరపు అడుగులు. బ్రాయిలర్ కోళ్ల షెడ్డుకు పక్క గోడ అడుగున్నర చాలు, ఆ పైన ఇనుప జాలీ. అప్పుడు 180, 400 కలిపి 580 చదరపు అడుగులే.

ఒకే నేల, ఒకే కప్పు. గోడ మాత్రం 1,600 నుంచి 880కి, అక్కడి నుంచి 580కి దిగింది. ఇటుక ధర మీద రూపాయి తగ్గించమని బట్టీ దగ్గర గంటసేపు బేరమాడినా ఇంత తేడా రాదు. అయితే గోడ సగమైతే ఖర్చు సగం కాదు. పునాది గోడ ఎత్తును బట్టి కాకుండా పొడవును బట్టి నడుస్తుంది. 160 అడుగుల చుట్టూ తవ్వక తప్పదు.

ఇటుకా, బ్లాకా?

మామూలు ఎర్ర ఇటుక 9 × 4.5 × 3 అంగుళాలు. మధ్యలో సిమెంటు పొర కలుపుకుంటే 4.5 అంగుళాల గోడకు చదరపు అడుగుకు నాలుగున్నర ఇటుకలు, 9 అంగుళాల గోడకు తొమ్మిది పడతాయి. విరిగేవి, తరిగేవి కలిపితే 100 చదరపు అడుగులకు సుమారు 475, 950 అనుకోవచ్చు. 16 × 8 అంగుళాల సిమెంటు బ్లాకు అయితే అదే 100 అడుగులకు 113 చాలు. అంటే ఒక బ్లాకు నాలుగు ఇటుకల చోటు నింపుతుంది.

లెక్క కోసం ఇటుక పొలం దగ్గరికి చేరేసరికి 8 రూపాయలు, 6 అంగుళాల బ్లాకు 36 రూపాయలు, సిమెంటు బస్తా 320, రోబో సాండ్ (రాయిని పిండి చేసి తీసే ఇసుక) టన్ను 900 అనుకుందాం. ఈ ధరలు ఊరూరికీ మారతాయి. అంకెలు మార్చి లెక్క మళ్లీ వేసుకోవచ్చు, కానీ పద్ధతి ఇదే.

100 చదరపు అడుగుల 9 అంగుళాల ఇటుక గోడకు ఇటుకలే 7,600 రూపాయలు. 1:6 పాళ్లలో, అంటే ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక చొప్పున, మూడు బస్తాల సిమెంటుకు 960, టన్ను ఇసుకకు 900. సామాను మొత్తం 9,460. అదే 4.5 అంగుళాల గోడకు ఇటుకలు 3,800. పలుచటి గోడకు సిమెంటు పాలు పెంచి 1:4 కలుపుతారు కాబట్టి రెండు బస్తాలు 640, అర టన్నులోపు ఇసుక 420. మొత్తం 4,860. ఇక 6 అంగుళాల బ్లాకు గోడకు బ్లాకులు 4,068. అతుకులు తక్కువ కాబట్టి సిమెంటు బస్తా కూడా పూర్తిగా పట్టదు, అయినా బస్తా అనుకుంటే 320. ఇసుక 250. మొత్తం సుమారు 4,640.

విడిగా చూస్తే బ్లాకు ఇటుకకు నాలుగున్నర రెట్లు ఖరీదు. గోడలో చూస్తే 4.5 అంగుళాల ఇటుక గోడకన్నా మందంగా ఉండి కూడా కొంచెం తక్కువకే వచ్చింది. కూలి కూడా ఇదే దారిలో నడుస్తుంది. 475 సార్లు ఇటుక పెట్టి సరిచూసే పని 113 సార్లతో ముగుస్తుంది. మేస్త్రీ రోజుకు లేపే గోడ పెరుగుతుంది. కాకపోతే 6 అంగుళాల బ్లాకు 25 కిలోల దగ్గర తూగుతుంది. భుజం ఎత్తు దాటాక దాన్ని అందించడానికి మనిషి కావాలి, ఎక్కి నిలబడటానికి సారవ (కర్రల కట్టు) కావాలి. ఎత్తు పెరిగేకొద్దీ ఆ వేగం కొంత తగ్గుతుంది.

ఇటుక కొలత దగ్గర ఒక చిన్న మాయ ఉంది. కొన్ని బట్టీల్లో అచ్చు చిన్నది. 8.5 × 2.75 అంగుళాల ముఖం ఉన్న ఇటుక వాడితే చదరపు అడుగుకు నాలుగున్నర బదులు ఐదుకు పైనే పడతాయి, దాదాపు 14 శాతం ఎక్కువ. ఆ ఇటుక 7 రూపాయలకే ఇస్తామన్నా 8 రూపాయల పెద్ద ఇటుకతో సమానమే. పైగా అతుకులు పెరిగి సిమెంటు, కూలి రెండూ పెరుగుతాయి. బట్టీకి వెళ్లేటప్పుడు జేబులో టేపు ఉండటం మేలు.

రాయి ఉంది, గోడ లేదు

నల్లగొండ నుంచి నాగర్‌కర్నూల్ దాకా నేల కింద ఉన్నది ప్రధానంగా గ్రానైటు, నైసు శిల. చెలక దున్నితే రాయి, బావి తవ్వితే రాయి, ఊరి పక్కన గుట్ట. పాత పశువుల దొడ్లు, కొట్టాలు, పొలం గోడలు రాతివే అయ్యాయంటే కారణం ఇదే. మరి ఇప్పుడు రాయి ఎందుకు గిట్టుబాటు కావడం లేదు?

రాతి గోడ 15 నుంచి 18 అంగుళాల మందం లేకుండా నిలబడదు. 18 అంగుళాల లెక్కన 100 చదరపు అడుగుల గోడ అంటే 150 ఘనపు అడుగులు. మూలలు తీయని రాళ్ల మధ్య సందులు ఎక్కువ కాబట్టి గోడ ఘనపరిమాణంలో మూడో వంతు సిమెంటు మాలే ఉంటుంది. 1:6 పాళ్లలో కూడా అది ఏడు బస్తాల సిమెంటు. ఇటుక గోడకు మూడు బస్తాలు, బ్లాకు గోడకు ఒకటి పట్టిన చోట రాతి గోడకు ఏడు. పాత గోడల్లో ఈ ఖర్చు లేదు. వాటిని మట్టితోనో డంగు సున్నంతోనో కట్టారు, లేదా ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చారు.

రెండో కారణం చేతిపని. రాయిని చూసి, ఎక్కడ సుత్తె వేస్తే ఎటు పగులుతుందో తెలిసి, ముఖం తీసి పేర్చే పని వడ్డెరలది. ఆ పనిలో కొత్త తరం తగ్గింది. ఉన్నవారికి క్వారీల్లో, కంకర మిల్లుల్లో, నగరంలో పని దొరుకుతుంది. పైగా గుట్ట నుంచి రాయి తీయాలంటే గనుల శాఖ అనుమతి, సీనరేజీ (ప్రభుత్వానికి కట్టే రుసుము) ఉంటాయి. పొలంలోనే ఏరిన రాయికి ఆ బాధ లేదు గానీ మోత, పగలగొట్టడం తప్పవు.

ఇలా రాయి గోడలోంచి పునాదిలోకి దిగింది. నేల కింద, బేస్‌మెంట్ (గోడ మొదలయ్యే మట్టం) దాకా రాతికట్టు, ఆ పైన బ్లాకు లేదా ఇటుక. ఈ ప్రాంతంలో ఇప్పుడు ఎక్కువగా కనిపించే కలయిక ఇది, సమంజసమైనది కూడా. పునాదిలో మందం ఎలాగూ కావాలి, అందం అక్కర్లేదు.

తాండూరు వైపు నుంచి వచ్చే నాపరాయి బండల సంగతి వేరు. గ్రానైటు కడీలు (రాతి స్తంభాలు) పాతి, మధ్య బండలు నిలబెడితే గోడలాంటిది తయారవుతుంది, సిమెంటు నామమాత్రమే. పశువుల దొడ్డికి, తక్కువ ఎత్తు పక్క గోడకు ఇది పనికొస్తుంది. వికారాబాద్, కొడంగల్ చుట్టుపక్కల దూరం తక్కువ కాబట్టి లెక్క కుదురుతుంది. అదే బండ మిర్యాలగూడకు చేరేసరికి లారీ కిరాయి దాని ధరను తినేస్తుంది.

గాలి లెక్క

రేకుల షెడ్డులో గోడ మీద బరువు పెద్దగా ఉండదు. స్లాబు మోసే గోడకు బలం కావాలి, రేకులు మోసే గోడకు నిలకడ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట లేచే గాలిదుమారమే ఈ షెడ్లకు అసలు పరీక్ష. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతూ ఉన్న కోళ్ల షెడ్డు గాలివానకు కూలి నలుగురు చనిపోయారు. ఆ షెడ్డు ఎందుకు కూలిందన్నది వేరే విచారణ. కడుతూ ఉన్న షెడ్డు పూర్తయిన షెడ్డుకన్నా ఎందుకు ఎక్కువ ప్రమాదకరమో మాత్రం లెక్కతో చూపించవచ్చు.

గంటకు 90 కిలోమీటర్ల గాలి నిటారు గోడను చదరపు మీటరుకు సుమారు 38 కిలోల బలంతో తోస్తుంది. చదరపు అడుగుకు మూడున్నర కిలోలు. 40 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ మీద అది మొత్తం 1,400 కిలోలు. గాలి వేగం రెట్టింపైతే ఈ తోపు నాలుగింతలవుతుంది. పక్క ఆసరా లేకుండా, మాలు ఇంకా గట్టిపడని గోడ తన బరువుతో మాత్రమే నిలబడాలి. అప్పుడు ఈ 90 కిలోమీటర్ల గాలికి 4.5 అంగుళాల ఇటుక గోడ రెండు అడుగుల ఎత్తు దాకానే నిలుస్తుంది. 6 అంగుళాల బ్లాకు గోడ నాలుగు అడుగుల దాకా, 9 అంగుళాల ఇటుక గోడ ఎనిమిది అడుగుల పైదాకా నిలుస్తాయి. మాలు గట్టిపడ్డాక ఈ ఎత్తులు పెరుగుతాయి. ఈలోపు గాలి వస్తే మాత్రం లెక్క ఇదే. భారతీయ ప్రమాణాల ప్రకారం హైదరాబాద్ ప్రాంతానికి డిజైన్‌లో తీసుకోవాల్సిన మౌలిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. దాని ముందు 90 చిన్నదే.

ఇది చూసి అందరూ 9 అంగుళాల గోడే కట్టుకోవాలి అనుకుంటే ఖర్చు రెట్టింపవుతుంది, పని పూర్తిగా నెరవేరదు కూడా. పొడుగు గోడకు మధ్య మధ్య ఆసరా ఇవ్వడం చవకైన దారి. 60 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడకు 9 అంగుళాల మందంతో 5,700 ఇటుకలు కావాలి. అదే గోడను 4.5 అంగుళాలతో కట్టి, ప్రతి 10 అడుగులకు 14 అంగుళాల చదరపు ఇటుక పిల్లరును గోడతో కలిపి అల్లితే ఏడు పిల్లర్లతో సహా దాదాపు 3,700 చాలు. మూడో వంతుకు పైగా ఇటుక మిగిలింది. ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు పిల్లర్లయితే ఇంకా నయం. కప్పు వాటికే బిగుస్తుంది, గాలి రేకులను పైకి లాగినప్పుడు ఆ లాగుడు పిల్లరు ద్వారా పునాదికి చేరుతుంది, గోడ మధ్యలో తెర మాత్రమే. ఇక్కడ "కలిపి అల్లితే" అన్న మాట ముఖ్యం. గోడ ముందు లేపి, తర్వాత దాని పక్కన పిల్లరు ఆనించి కడితే రెండూ వేర్వేరుగానే ఊగుతాయి.

అతి ప్రమాదకరమైన దశ గోడలు పూర్తి ఎత్తుకు లేచి, కప్పు ఇంకా పడని వారం పది రోజులు. కప్పు పడ్డాక ట్రస్సులు ఎదురెదురు గోడలను పట్టి ఉంచుతాయి, అప్పటిదాకా ఆ పట్టు లేదు. మేస్త్రీలు రోజుకు నాలుగైదు అడుగులకు మించి లేపకపోవడం, పొడుగు గోడకు కర్రల ఊతం పెట్టడం ఖర్చు లేని జాగ్రత్తలు. మబ్బు పట్టి గాలి లేచినప్పుడు తలదాచుకోవడానికి ఆ గోడ పక్కకే చేరడం మనుషులకు సహజం. పనివాళ్లకు ముందే చెప్పి ఉంచాల్సిన సంగతి అది.

చెలకా, రేగడా?

మహబూబ్‌నగర్, నల్లగొండలో ఎక్కువ భాగం ఎర్ర చెలక. రెండు మూడు అడుగులు తవ్వితే గట్టి మొరం తగులుతుంది. అలంపూర్, గద్వాల, మక్తల్ వైపు నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని పగుళ్లిచ్చే ఈ నేలలో తక్కువ లోతు పునాది మీద కట్టిన గోడ రెండు మూడు ఎండాకాలాల్లో మూలల దగ్గర నెర్రెలిస్తుంది.

ఖర్చులో తేడా ఇలా వస్తుంది. 160 అడుగుల చుట్టూ రెండున్నర అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు కందకం అంటే 1,200 ఘనపు అడుగుల తవ్వకం. రేగడిలో 5 అడుగులకు దిగాల్సి వస్తే 2,000. తవ్విందంతా మళ్లీ రాయీ సిమెంటుతో నింపాలి కాబట్టి అసలు భారం ఆ నింపడమే. ఇక్కడ పిల్లర్ల పద్ధతి ఎక్కువ ఆదా చేస్తుంది. 10 అడుగులకు ఒకటి చొప్పున 16 గుంతలు, ఒక్కొక్కటి 3 × 3 × 5 అడుగులైతే 720 ఘనపు అడుగులే. వాటిని కలుపుతూ నేల మట్టంలో కాంక్రీటు దూలం (ప్లింత్ బీమ్) వేసి దాని మీద గోడ లేపుతారు. ఇనుము ఖర్చు కలుస్తుంది నిజమే, అయినా రేగడిలో సాధారణంగా ఇదే చవక పడుతుంది. చెలకలో ఆ తేడా అంతగా ఉండదు, అక్కడ మామూలు రాతి పునాదే సరిపోతుంది.

రేగడికి ఇంకో బెడద రవాణా. వాన పడ్డ తర్వాత బండ్లబాటలో లారీ దిగబడుతుంది. సామాను రోడ్డు మీద దించి ట్రాక్టర్‌కు మార్చాలి. ఒకసారి ఎక్కువగా ఎత్తి దించినప్పుడు కూలి పడుతుంది, ఇటుక విరుగుతుంది. 9 అంగుళాల ఇటుక గోడ 100 చదరపు అడుగులకు 4 టన్నులు, బ్లాకు గోడ 3 టన్నులు, రాతి గోడ 10 టన్నులు తూగుతుంది. పొలం రోడ్డుకు ఎంత దూరమైతే ఈ అంకెలు అంత బరువెక్కుతాయి.

ధరలు ఎవరి చేతిలో ఉన్నాయి?

హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల చుట్టూ సున్నపురాయి పరుచుకుని ఉంది. రాష్ట్రంలో సిమెంటు ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉన్నది ఈ పట్టీలోనే. పొగగొట్టం కనిపించే ఊళ్లో కూడా బస్తా ధర పెద్దగా తగ్గదని అక్కడివాళ్ల ఫిర్యాదు. కంపెనీలు ధర నిర్ణయించేది ఫ్యాక్టరీకి దూరాన్ని బట్టి కాదు, ఆ ప్రాంత మార్కెట్ ఎంత భరిస్తుందో చూసి. దక్షిణాదిలో ఫ్యాక్టరీల సామర్థ్యం అవసరానికి మించి ఉండటం వల్ల ధర నెలల తేడాలోనే ఎగిరి పడుతుంటుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పది శాతం తగ్గినట్టు వినిపిస్తుంది గానీ, చేతికి వచ్చే ధరలో తగ్గుదల 8 శాతంలోపే. 350 రూపాయల బస్తా మీద 27 రూపాయలు, అదీ కంపెనీ మూల ధర పెంచకుండా ఉంటే. 880 చదరపు అడుగుల గోడ ఉన్న కొట్టానికి పునాది, గోడ, గిలాబు (ప్లాస్టరింగ్) కలిపి 80 నుంచి 100 బస్తాలు పట్టాయనుకున్నా మిగిలేది రెండు మూడు వేల రూపాయలు. గోడ ఎత్తు అడుగు తగ్గించినా అంతకన్నా ఎక్కువే మిగులుతుంది.

బ్లాకు కొనేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. సిమెంటు ఆ గోడలో లేనట్టు కనిపిస్తుంది గానీ బ్లాకు లోపలే ఉంది. ఒక్కో 6 అంగుళాల బ్లాకులో రెండు రెండున్నర కిలోల సిమెంటు ఉందనుకుంటే 100 చదరపు అడుగుల గోడకు ఐదు బస్తాల దాకా అవుతుంది. సిమెంటు పెరిగినప్పుడు బ్లాకు ధర వెంటనే కదలడానికి కారణం ఇదే. సిమెంటు తక్కువేసి చవకగా అమ్మే బ్లాకులు రావడానికీ కారణం ఇదే. ఒక బ్లాకును నడుము ఎత్తు నుంచి నేల మీద పడేసి చూడటం మోటు పరీక్షే, అయినా పొడిపొడి అయ్యే సరుకును పట్టిస్తుంది.

ఎర్ర ఇటుకది కాలాన్ని బట్టి నడిచే ధర. బట్టీలు వానలు వెనకబట్టాక మొదలై మళ్లీ వానల దాకా నడుస్తాయి. పని చేసేది చాలావరకు ఒడిశా నుంచి వచ్చే వలస కుటుంబాలు. తొలకరికి వాళ్లు ఊళ్లకు వెళ్తారు, ఆ తర్వాత ఉన్న నిల్వే సరుకు. వానాకాలం చివరికి నిల్వ తరిగి ధర ఎక్కుతుంది, సంక్రాంతి తర్వాత కొత్త ఇటుక వచ్చి దిగుతుంది.

కూలి సంగతికొస్తే, దేశమంతా డ్యాములు, రోడ్లు, భవనాలు కట్టిన పాలమూరు లేబర్ పుట్టిన జిల్లాలోనే మేస్త్రీ దొరకడం కష్టమన్నది ఇక్కడి విడ్డూరం. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్లే. అక్కడ కూలీలు పని కోసం చేరే అడ్డా మీద పలికే రేటే ఇక్కడ కనీస రేటు అవుతుంది. షెడ్డు పని పది పదిహేను రోజుల చిన్న పని కావడంతో మేస్త్రీలకు అంత ఆసక్తి ఉండదు, పెద్ద పనుల మధ్య సందు దొరికినప్పుడు వస్తారు. పనులు ఆలస్యమవడానికి డబ్బుకన్నా ఇదే ఎక్కువ కారణం.

2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద చేపట్టిన పశువుల కొట్టాలు, గొర్రెల షెడ్ల దగ్గర ఇంకో రకం చిక్కు కనిపించింది. ఆ పథకంలో ఖర్చు కూలికి 60 శాతం, సామానుకు 40 శాతం అన్న నిష్పత్తి ఉండేది. షెడ్డులో ఎక్కువ ఖర్చు సామానుదే. ఒక్కో పనిలో నిష్పత్తి కుదరకపోయినా మిగతా పనులతో కలిపి సర్దే వీలుండేది, కానీ గోడ, రేకుల బిల్లు కోసం రైతు ముందు తన డబ్బు పెట్టుకుని ఎదురుచూడాల్సి వచ్చింది.

బూడిద ఇటుక వస్తే ఏం మారుతుంది?

రాబోయే మార్పు ఏదైనా ఉంటే ఇక్కడి నుంచే రావచ్చు. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 4,000 మెగావాట్లు. మన బొగ్గులో బూడిద శాతం ఎక్కువ, కాబట్టి అంత పెద్ద కేంద్రం నుంచి వచ్చే బూడిద కూడా భారీగానే ఉంటుంది. బూడిదను గుట్టలుగా పోసి ఊరుకోకుండా పూర్తిగా వినియోగించాలని 2021 డిసెంబర్ 31న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ థర్మల్ కేంద్రాలకు బాధ్యత పెట్టింది. పశ్చిమాన కృష్ణా నది అవతల శక్తినగర్‌లో 1,720 మెగావాట్ల రాయచూరు థర్మల్ కేంద్రం ఎప్పటినుంచో ఉంది. అది మక్తల్, నారాయణపేట వైపు నుంచి చూస్తే పక్క ఊరే.

బూడిద ఇటుక కాల్చేది కాదు, సిమెంటో సున్నమో కలిపి అచ్చు పోసి నీళ్లు పట్టి గట్టిపరిచేది. బొగ్గు, ఊక ధరలతో, వానాకాలంతో దానికి అంత సంబంధం లేదు, ఏడాది పొడవునా తయారు చేయవచ్చు. కొలతలు సమంగా ఉండటం వల్ల మాలు, గిలాబు తక్కువ పడతాయి. బూడిద దాదాపు ఉచితంగా దొరికినా దాన్ని మోసుకొచ్చే ట్యాంకరు ఉచితం కాదు, కాబట్టి లాభం కేంద్రానికి దగ్గర్లోని యూనిట్లకే. మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఎర్ర ఇటుక మీద ఒత్తిడి రావడానికి అవకాశం ఎక్కువ, వనపర్తి, కల్వకుర్తి దాకా ఆ ప్రభావం రావడం సందేహమే.

మిగతా రకాలను రెండు మాటల్లో చెప్పవచ్చు. తేలిక బ్లాకులు బహుళ అంతస్తుల్లో బరువు తగ్గించడానికి పుట్టినవి. పశువులు ఒరుసుకునే, కొమ్ములు తగిలే చోట గిలాబు ఊడితే నీరు పీల్చుకుంటాయి, షెడ్డుకు పెద్ద ప్రయోజనం లేదు. రేకుతోనే గోడ కట్టడం త్వరగా తెములుతుంది, కానీ లోపల వేడి, పేడ మూత్రాల నుంచి లేచే అమ్మోనియాకు తుప్పు. పనిముట్ల గదికి పర్వాలేదు. గాడి ఉన్న కాంక్రీటు స్తంభాల మధ్య పలకలు దించే రెడీమేడ్ గోడ ప్రహరీకి బాగుంటుంది, అర గోడ కొట్టాలకు కూడా వాడుకోవచ్చు.

అంచనాలో రాయించుకోవాల్సినవి

ఇద్దరు మేస్త్రీల అంచనాలు పోల్చాలంటే రెండింట్లో ఒకే పనులు ఉండాలి. గోడకు చెప్పిన రేటులో గిలాబు ఒక వైపా, రెండు వైపులా, అసలు లేదా? గిలాబుకు 100 చదరపు అడుగులకు ఒక వైపే దాదాపు బస్తా సిమెంటు పడుతుంది. అంటే రెండు వైపులా గిలాబు చేస్తే బ్లాకు గోడ మాలుకన్నా గిలాబు సిమెంటే ఎక్కువ. కొట్టంలో లోపలి వైపు నాలుగైదు అడుగుల దాకా నున్నగా చేసి, బయట అతుకులు మాత్రం పూడిస్తే కడగడానికి సరిపోతుంది. దర్వాజలు, కిటికీల ఖాళీలు గోడ కొలతలోంచి తీస్తారా లేదా, సారవ ఎవరిది, నీళ్లు పట్టడం ఎవరి పని అన్నవి కాగితం మీద లేకపోతే చివర్లో తగువు తప్పదు.

నీళ్ల విషయంలో కాలం కూడా లెక్కలోకి వస్తుంది. గోడకు కనీసం ఏడు రోజులు తడి ఉండాలి, ఎండాకాలమైతే ఇంకా ఎక్కువ. మార్చి తర్వాత బోర్లు ఆగి ఆగి పోసే పొలాల్లో ఆ నీళ్లు ట్యాంకరుతో కొనాల్సి వస్తుంది. ఇటుక ధర దిగి, బోరులో నీళ్లుండి, బండ్లబాట ఎండి, గాలిదుమారాలు ఇంకా మొదలుకాని కాలం సంక్రాంతి నుంచి మార్చి నడుమ దాకా ఉంటుంది. యాసంగి పొలం పనులకు కూలీలు కావాల్సింది కూడా అప్పుడే కాబట్టి మేస్త్రీతో మాట దసరాకే ఖాయం చేసుకునేవారికి పని సకాలంలో తెములుతోంది.